బండిబాట పట్టిన కారు

ఆ రోజుల్లో రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం పుణ్యమా అని నాలాంటివాళ్లకు ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు దొరికాయి. అక్కడ క్వేకర్స్ హిల్ అనే పేటలో నాతో ఒకే గదిలో ఉండే కర్నూలు మనిషిని అందరం భాయ్ అనేవాళ్లం. ఒకసారి మా ఇద్దరినీ ఎడారిలోని ఒక గనుల ఊరికి, అక్కడి కంప్యూటర్లు సరిచూసి రమ్మని పంపారు. శుక్రవారం పని ముగించుకుని, మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణమయ్యాం. తారు రోడ్డు పక్కన గట్టి నేలలో రెండు చక్రాల గాడులు దూరంగా సాగిపోతూ కనిపించాయి. మ్యాప్‌లో ఆ దారి లేదు. భాయ్ వద్దంటున్నా అడ్డదారేనని కారు అటు దించాను. "నేను అనంతపురం వాణ్ని భాయ్. బండ్లు తిరిగిన బాట ఊరికి పోకుండా యాడికి పోతాది?" అన్నాను (ఇంత ధీమాగా ఇంటర్వ్యూలో కూడా మాట్లాడలేదు).

గంట గడిచినా ఊరు రాలేదు. గాడుల మధ్య పొదలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. ఒకచోట బండి చక్రానికి బిగించే ఇనుప పట్టా తుప్పుపట్టి, ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. ఆ బాటలో బండ్లు తిరగడం మానేసి ఎన్ని తరాలయిందో! వెనక్కి తిప్పబోతే కారు ఇసుకలో దిగబడింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు, కనుచూపు మేర చెట్టు లేదు, ఇద్దరికీ కలిపి అర బాటిల్ నీళ్లున్నాయి. సోమవారం దాకా ఆఫీసులో మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. చచ్చిపోతామని నిజంగానే భయపడ్డాను. భాయ్ మాత్రం టిఫిన్ డబ్బా మూతతో చక్రాల కింద ఇసుక తవ్వుతున్నాడు. అతను అటు వంగి ఉండగా నేను కార్లో కూర్చుని, దొంగతనంగా రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకున్నాను.

మధ్యాహ్నం దాటాక, గొర్రెల నీళ్లతొట్టి చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఎండలో మెరుస్తున్న మా కారు అద్దం చూసి జీపు ఇటు తిప్పాడు. వాళ్ల తాత కాలంలో ఎద్దుబండ్లలో ఉన్ని తోలిన దారట అది. ఆ చివర ఊరు కూడా ఉండేదట, రైలు వేరే వైపు వెళ్లడంతో జనం ఊరొదిలి వెళ్లిపోయారట. అంటే నా లెక్క తప్పేమీ కాదు, వందేళ్లు ఆలస్యమైంది, అంతే.

ఆయన నీళ్ల క్యాన్ అందిస్తే, పెద్దమనిషి తరహాగా ముందు భాయ్‌ని తాగమన్నాను. భాయ్ దాన్ని నా చేతుల్లోనే పెట్టి, మెల్లగా అన్నాడు: "నువ్వే తాగు. ఇందాక రెండు గుక్కలతోనే సరిపెట్టుకుంటివి, చూసినాలే."

ఇప్పటికీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ రెండు గుక్కల సంగతి దాటేస్తాను. భాయ్ పక్కనే ఉంటే నా వైపు చూసి నవ్వి ఊరుకుంటాడు.