శనివారం పట్టిన కొర్రమీను

మా అత్తగారింట్లో శనివారం చేపను పట్టుకురావచ్చు, కొయ్యకూడదు. ఈ చట్టం మా అత్తది. మా పుట్టిల్లు పెనుకొండ. అక్కడ వారం వర్జ్యం లేదు, దొరికిన రోజు తినడమే. ధర్మవరం వచ్చాక నేర్చుకున్నాను. మా ఆయన శనివారం చెరువుకు పోయి, గాలమేసి కొర్రమీను పట్టి, ప్రాణంతోనే తెచ్చి బానలో వేసేవాడు. ఆదివారం పొద్దున కోసేవాళ్ళం. కొర్రమీను గట్టి పిండం, బానలో నీళ్ళుంటే చాలు, మరునాటిదాకా బతుకుతుంది.

ఆయన పట్టుచీరలు నేసేవాడు. ఆ రెండు చేతులు ఆడితేనే మా పొయ్యి వెలిగేది.

తొంభైల్లో ఒక ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. హిందూపురం పోయి కొత్త గాలం తెచ్చుకున్నాడు. ఒకే కాడకు మూడు కొక్కేలు. "ఒకటి తప్పితే ఇంకోటి పడతాదే" అని మురిసిపోయాడు. మాట నిజమే. ఒకటి చేపకు పడింది, ఇంకోటి ఆయనకు పడింది.

నేను గట్టు మీదే ఉన్నాను. మోచేయంత చేప. దాన్ని ఒడ్డున పడేయకుండా దారంతో గాల్లోకి ఎత్తి, ఉత్త చేత్తో పట్టుకోబోయాడు. అది ఒక్క విదిలింపు విదిలించింది. కొక్కెం బొటనవేలి మొదట్లో దిగబడింది. చేప నోట్లో ఒకటి, మనిషి చేతిలో ఒకటి, రెండూ ఒకే ఇనుముకు. అది కొట్టుకుంటే ఈయన గెంతుతాడు. ఎవరు ఎవరిని పట్టారో తెలియదు.

"రాయి తీసి దాని తలకాయ మీద ఒకటెయ్యే!" అని అరిచాడు. రాయి ఎత్తాను. ఎత్తినాక మళ్ళీ ఆయనే, "వద్దు, వద్దు! ఈ పొద్దు శనివారం" అన్నాడు.

బకెట్లో నీళ్ళు పోసి, చేపనూ చేతినీ అందులో ముంచి, ఇద్దరం చెరో పక్క పట్టుకొని ఇంటికి నడిచాం. దారిలో ఒకాయన ఎదురై, "ఏమప్పా, నడస్తానే చెయ్యి కడుక్కుంటాండావా?" అన్నాడు.

వాకిట్లోనే అత్త అడ్డం నిలబడింది. "చంపితిరంటే చూడండి! శనివారం ప్రాణం తీసిన చెయ్యి మళ్ళా మగ్గం పడతాదా?"

నాకు రెండు వైపులా భయమే. చంపితే చెయ్యి పోతుందని భయం, చంపకుంటే అది చీరేస్తుందని భయం.

వీధి వీధంతా చేరింది. పక్కింటి ముసలాయన, "పొద్దు మునిగితే శనివారం అయిపోయినట్లే, అంతదాకా కూచోండి" అన్నాడు. ఎదురింటాయన ఒప్పుకోలేదు. "తెల్లారితే గదప్పా ఆదివారం!" ఇద్దరూ చెయ్యి సంగతి మరిచి వారాల సంగతి పట్టుకున్నారు. చేప ఇంకో గుంజు గుంజింది. బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి.

అప్పుడొచ్చింది వెనకింటి క్రైస్తవులామె, ఆసుపత్రిలో ఆయా. "మాకు శనివారం పట్టింపు లేదవ్వా. నేను కొడతా. పాపం నాకే రానీ."

అత్త బకెట్లోకి తొంగి చూసింది. "నువ్వు కొట్టినా మావోని చెయ్యి దానికే తగులుకొని ఉండాది గదమ్మా. ఇనుములో పాపం పాకుతాది."

"పాపం ఏమన్నా కరెంటా అవ్వా?"

"కరెంటు కన్నా బిరీన పాకుతాది."

నాకు కడుపు మండింది. సైకిల్ షాపుకు పరుగెత్తి కటింగ్ ప్లేరు తెచ్చాను. చేపను నేల మీద పెట్టించి, తడి గోనెపట్ట కప్పి, తల వెనక అదిమి పట్టాను. కళ్ళకు చీకటి పడేసరికి అది సద్దుమణిగింది. ప్లేరుతో దాని నోట్లో కొక్కెం తిప్పి ఊడదీశాను. పెదవి కాస్త చీలింది, అంతే. ప్రాణంతోనే బానలోకి పోయింది. అత్త దండం పెట్టింది. నాకు కాదు, చేపకు.

ఇక చెయ్యి. ఎదురింటాయన కొక్కెం పట్టుకొని వెనక్కి లాగబోతే ఆయా అతని చేతి మీద ఒక్కటేసింది. "ముల్లు వెనక్కి తిరిగుండాది, కనపళ్ళేదా? లాగితే నరం పెరుక్కొని వస్తాది!" కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు మత్తుసూది వేసి, మొనను ముందుకే తోసి బయటికి తెచ్చి, ముల్లు కత్తిరించి, మిగిలింది వెనక్కి తీశాడు. ధనుర్వాతం సూది కూడా వేశాడు. "వేలు వంగుతుందో లేదో వాపు తగ్గాక చూడాలి" అన్నాడు.

ఆదివారం పులుసు చేశాను. ఆయనకు సంగటి నేనే తినిపించాను. అత్త తలకాయ ముక్క అడిగి వేయించుకుంది. "మావోని నెత్తురు తాగిన చేప, పారేస్తే ఎట్లా?"

చెరువుకు పోయేవాళ్ళు ఎవరు కనబడినా ఈ రోజుకీ నేను చెప్పేది ఒకటే. చేపను గాల్లో ఎత్తొద్దు, నీళ్ళకు దూరంగా ఈడ్చుకుపోయి తడిగోనె కప్పండి, కొక్కేన్ని వేళ్ళతో తీయొద్దు. నవ్విపోతారు. నవ్వనీ. మగ్గం చప్పుడు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? వారాల తరబడి, ఆయన కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో పిల్లి పడుకుంది.

కట్టు విప్పిన రోజు ఆయన పిల్లిని తోలి మగ్గంలో కూర్చున్నాడు. ఒక పట్టుపోగు తెగి ఉంది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చి బొటనవేలితో నులిమాడు. జారింది. మళ్ళీ నులిమాడు. మళ్ళీ జారింది. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. మూడోసారి పోగు నిలిచింది. లాగి చూశాడు, తెగలేదు.

"ఏం చూస్తాండావే ఆడ నిలబడి? పోయి బువ్వ వండు" అన్నాడు.