డ్రమ్ము మీద పానా చప్పుడు

ఆ బస్సుల షెడ్డులో ఫోర్‌మన్ వస్తున్నాడంటే ఖాళీ నూనె డ్రమ్ము మీద పానా మోగేది. రెండు దెబ్బలు గబగబా, కాస్త ఆగి ఇంకొకటి. అది వినగానే కబుర్లాడేవాళ్ళు బస్సుల కిందికి దూరేవాళ్ళు, కునుకు తీసేవాళ్ళు గుడ్డ పుచ్చుకుని తుడిచిందే తుడిచేవాళ్ళు. పాత ఫోర్‌మన్, తన షెడ్డంత బుద్ధిగా పనిచేసే షెడ్డు లోకంలో ఇంకెక్కడా లేదని రిటైరయ్యేదాకా నమ్మాడు. ఆ నమ్మకంతోనే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు, పాపం.

ఈ సంకేతం కనిపెట్టిన మహానుభావుడు ఇంజన్ల మేస్త్రీ. కంపెనీవాళ్ళు ఏరి కోరి అతన్నే తీసుకెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటిదాకా అతను, ఆ రోజు నుంచి ఆయన.

మొదటి రోజు మడత నలగని చొక్కా వేసుకుని, ‘నేనెప్పటికీ మీవాణ్ణేరా’ అని ఎలా మొదలుపెట్టాలో లోపల వల్లె వేసుకుంటూ పైగదిలోంచి ఇనుప మెట్లు దిగుతున్నాడు. సగం దిగాడో లేదో డ్రమ్ము మోగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక్క పరుగున వెళ్ళి పక్కనున్న బస్సు కిందికి దూరి, చేతికందిన నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. వస్తున్న ఫోర్‌మన్ తనేనని తట్టేసరికి చొక్కా నిండా గ్రీజు.

డ్రమ్ము కొట్టింది బ్రేకుల మేస్త్రీ. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు ‘వదినా’ అంటే ‘వదినా’ అనుకునేవాళ్ళు. అలాంటివాడు, బస్సు కిందినుంచి పాక్కుంటూ వచ్చిన మనిషికి చెయ్యందించి, “నమస్తే సార్” అన్నాడు.

“సార్ ఏంటి బావా, కొత్తగా?”

“కొత్తగానే కదా అయ్యారు సార్.”

మూతి మీద చిన్న నవ్వైనా ఉందేమోనని ఫోర్‌మన్ వెతికి చూశాడు. లేదు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాడు టిఫిన్ డబ్బా పట్టుకుని కిందికే వచ్చి, అందరి మధ్యా చోటు చేసుకుని కూర్చున్నాడు. అంతవరకూ నవ్వుల్లో పొర్లుతున్నవాళ్ళు ఈ ఏడు ఎండలెలా ఉన్నాయో మాట్లాడటం మొదలుపెట్టారు. బస్సుల మధ్య పుట్టి పెరిగిన ఆ మనుషులకు వాతావరణం మీద అంత శ్రద్ధ ఉందని ఎవరికి తెలుసు? ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకుని వాపోయాడు.

“పైకెక్కి కూర్చుని, కింద నా చోటు నాకే ఉంచమంటే ఎలాగండీ?” అంది ఆవిడ. “అయినా సార్ అంటే అంత బాధేమిటి? మీకు బాగుంటుందేమోనని రేపట్నుంచి నేనూ అందామనుకుంటున్నా.”

కొన్నాళ్ళకు డ్రమ్ము మోగడం మానేసింది. ఫోర్‌మన్‌కు నెత్తిన పాలు పోసినట్టయింది. చూశావా, నన్ను మళ్ళీ కలుపుకున్నారని భార్య దగ్గర గొప్పలు పోయాడు. కాకపోతే టైర్ల మేస్త్రీకి మాత్రం ఎందుకో దగ్గు పట్టుకుంది. ఈయన మెట్టు మీద కాలు పెడితే చాలు, తెరలు తెరలుగా దగ్గేవాడు. ఫోర్‌మన్ జాలిపడి మందు సీసా కొని తెచ్చిచ్చాడు. అతను ఎంతో వినయంగా పుచ్చుకున్నాడు. ఒకరోజు తను వెనక తలుపు నుంచి వస్తే గుమ్మం దగ్గరి రంగుల మేస్త్రీ కూడా అచ్చం అలాగే దగ్గేసరికి ఈయనకు వెలిగింది. సంకేతం కనిపెట్టినవాడి దగ్గర ఆ సంకేతమే పనికిరాదని, వాళ్ళు కొత్తది పెట్టుకున్నారు. కోపం రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, పైగది కిటికీలోంచి గేటు దగ్గర మేనేజరు కారు కనిపించింది. కింద చూస్తే బ్రేకుల మేస్త్రీ తన కూతురి సైకిలు తలకిందులుగా పెట్టి, చక్రాలు రెండూ ఊడదీసుకుని కూర్చున్నాడు. కంపెనీ వేళలో సొంత పని. ఇదివరకే ఒకసారి పట్టుబడి మాటపడ్డాడు. ఈసారి దొరికితే ఇంటికే.

ఫోర్‌మన్ పడుతూ లేస్తూ మెట్లు దిగి, పానా అందుకుని, డ్రమ్ము మీద కొట్టాడు. రెండు గబగబా, ఆగి ఇంకొకటి. ఒక్కడూ కదల్లేదు.

“పాత రోజులు గుర్తొచ్చాయా సార్?” అన్నాడు బ్రేకుల మేస్త్రీ, చక్రం తుడుచుకుంటూ.

ఇక లాభం లేదని ఫోర్‌మన్ దగ్గాడు. గొంతు చించుకుని దగ్గాడు. టైర్ల మేస్త్రీ అదే వినయంతో జేబులోంచి మందు సీసా తీసి అందించాడు. ఈలోపు మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

“ఎవరిదీ సైకిలు?”

బ్రేకుల మేస్త్రీ చేతిలోని చక్రాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

“నాదే సార్,” అన్నాడు ఫోర్‌మన్. “మా పాపది. నేనే చెయ్యమన్నాను.”

మేనేజరు అందరి ముందూ ఆయన్ని కడిగి ఆరేశాడు. ఫోర్‌మన్‌వై ఉండి నువ్వే ఇలా చేస్తే మిగతావాళ్ళకేం చెబుతావన్నాడు. ఇంకో తప్పు జరిగితే ఆ కుర్చీ నీది కాదన్నాడు. నెత్తి మీద మేనేజరు నిలబడి ఉంటే, బ్రేకుల మేస్త్రీ గబగబా చక్రాలు బిగించాడు.

“తీసుకుపో. ఇది నా కళ్ళ ముందే గేటు దాటాలి,” అన్నాడు మేనేజరు. “తోసుకుంటూ ఎంతసేపు పోతావ్? ఎక్కు.”

గులాబీ రంగు సైకిలు, పిడులకు రంగు కుచ్చులు. ఫోర్‌మన్ ఎక్కితే మోకాళ్ళు చెవులకు తగులుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనుకున్నాడాయన. ఇంత చేసినా పరాయివాణ్ణి చూసినట్టే చూస్తున్నారన్న ఉక్రోషంతో గట్టిగా తొక్కాడు. గేటు దాటాడు. అక్కణ్ణుంచి రోడ్డంతా పల్లమే.

వెనకాల ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. మేనేజరున్నాడని కూడా చూడకుండా బ్రేకుల మేస్త్రీ గొంతు చించుకుంటున్నాడు.

“బావా, దిగు బావా, దానికి బ్రేకులు పెట్టలేదు.”

సైకిలు అప్పటికే ఊపందుకుంది. ఫోర్‌మన్‌కు ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. అయినా వెనక్కి తిరిగి, “ఏమన్నావ్?” అని అడిగాడు.