మెదక్‌కు నేను మోసుకెళ్ళిన వార్త

మెదక్ వెళ్ళాలని ఇరవై ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు కుదరదని నాకు నేను చెప్పుకున్నాను. పోయిన ఏడాది రిటైరయ్యాక ఆ సాకు కూడా లేకుండా పోయింది.

నేను విదేశాంగ శాఖలో పనిచేశాను. ఆరు దేశాల్లో ఉన్నాను, చివరి రెండింటిలో రాయబారిగా. హనుమకొండలో స్కూలు టీచరు కూతురు అంత దూరం వెళ్ళిందని ఆడపిల్లల కాలేజీలవాళ్ళు పిలిచి శాలువాలు కప్పేవారు. ఒక ప్రచురణకర్త నా జీవితకథ రాయమన్నాడు. చదువు, పరీక్ష, ఢిల్లీలో శిక్షణ, మొదటి పోస్టింగు అన్నీ గబగబా రాశాను. రెండోది గల్ఫ్. అక్కడ ఆగిపోయాను. మూడు నెలలు ఒక్క వాక్యం ముందుకు సాగలేదు. నవంబరులో ఒక మంగళవారం పొద్దున కాగితాలు పక్కనపెట్టి బయల్దేరాను.

జూబ్లీ బస్ స్టేషన్‌లో ఏడుంబావుకు మెదక్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు కండక్టరమ్మ సున్నా టికెట్ ఇస్తుంది, కార్డు మరిచిపోవద్దు. బాలానగర్ దాటడానికే ముప్పావుగంట పట్టింది. తర్వాత రోడ్డు బాగుంది. నర్సాపూర్‌లో పది నిమిషాలు ఆపారు. అక్కడి నుంచి కాసేపు రెండు పక్కలా అడవి, రోడ్డు అంచున కోతులు.

నర్సాపూర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుంది. కూతురికి కాన్పయిందట, మెదక్ దవాఖానకు వెళ్తోంది.

"మెదక్ల ఎవలున్నరమ్మ మీకు?" అని అడిగింది.

"తెలిసినవాళ్ళు."

"మంచికేనా పోతున్నరు?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆమె మళ్ళీ అడగలేదు. కౌడిపల్లి దాటాక సంచిలోంచి తీసి నాకొక అరటిపండు ఇచ్చింది.

పదింబావుకు మెదక్ చేరాం. బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తెప్పించుకున్నాను కానీ ఒకటి కూడా పూర్తిగా తినలేకపోయాను. ఆటోకు ముప్పై రూపాయలిచ్చి చర్చి గేటు దగ్గర దిగాను. చూడాలనుకునేవాళ్ళు ఎండ బాగా ఉన్నప్పుడే రండి. రంగు అద్దాల మీది బొమ్మలు బయటి వెలుగుకే కనిపిస్తాయి. లోపల పదిమంది కూడా లేరు. నా దగ్గరున్న చిరునామా ప్రకారం వెళ్ళాల్సిన ఇల్లు వెనక సందులోనే. అయినా చివరి బల్ల మీద కూర్చున్నాను.

ఇరవై ఆరేళ్ళ కింద గల్ఫ్‌లో ఒక నగరంలో, మన రాయబార కార్యాలయంలో నేను చిన్న అధికారిని. చనిపోయిన మన కూలీల శవాలను ఇళ్ళకు పంపే కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. ఒక కట్టడం దగ్గర పరంజా కూలి ఇద్దరు చనిపోయారు. ఒకతను మెదక్ వాడు, ప్రభుదాసు. ఇంకొకతను ఒడిశా కుర్రవాడు. మార్చురీకి వెళ్ళి ముఖాలు చూసి సంతకం చేయాలి. ఆ రోజు ఢిల్లీ నుంచి ఒక మంత్రి వస్తున్నాడు, విమానాశ్రయానికి వెళ్ళే బాధ్యత నాది. చూడకుండానే సంతకాలు పెట్టాను.

నాలుగు నెలల తర్వాత ఆ కట్టడం పని చేయించిన కంపెనీ మనిషి వచ్చి, మార్చురీలో నంబర్లు తారుమారయ్యాయని చెప్పాడు. అప్పటికి మెదక్ మనిషిని ఒడిశాలో దహనం చేసేశారు. నా పై అధికారికి చెప్పాను. "ఇద్దరికీ కర్మకాండలు అయిపోయాయి. ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం?" అన్నాడు ఆయన. ఆ మాట నాకూ హాయిగా తోచింది. అప్పటికే ప్రభుదాసు భార్య మార్తమ్మ రాసిన మొదటి ఉత్తరం నా దగ్గరుంది. వచ్చిన శవం తన భర్తది కాదని, ఆయన ఎడమచేతి చిటికెనవేలు గడ్డి కోసే మిషన్‌లో సగం తెగిందని, ఇతనికి అన్ని వేళ్ళూ ఉన్నాయని రాసింది. రికార్డులు సరిచూశామని, పొరపాటేమీ లేదని జవాబిచ్చాను. రెండో ఉత్తరానికీ అదే జవాబు. మూడోదానికి ఇవ్వలేదు. మరుసటి సంవత్సరం నాకు ప్రమోషన్ వచ్చింది.

పదకొండున్నరకు లేచి సందులోకి వెళ్ళాను. ఒక రేకుల ఇంటి గడపలో యాభై ఏళ్ళ మనిషి చాటలో బియ్యం ఏరుతోంది.

"మార్తమ్మగారా?"

"అవ్, నేనే. యాడికెల్లి వచ్చిండ్రు?"

నా పేరు చెప్పాను. అప్పట్లో గల్ఫ్‌లో మన ఆఫీసులో పనిచేశానని చెప్పాను. ఆమె చాట కింద పెట్టి లేచింది. ముఖమంతా మారిపోయింది.

"దొరికిండా?" అంది.

నేను ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఈ ఒక్క మాటకు జవాబు సిద్ధం చేసుకోలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసింది.

"నాకు ఎరికే," అంది. "పెట్టె తెరిస్తే ఆయన కాదు. అడిగినకాడల్లా కాయితం మీద గిదే పేరున్నదన్నరు. ఎవల కొడుకో, ఎన్ని దినాలు ఉంచుతమని మా మామ బొంద పెట్టిచ్చిండు. ఆయన పీనుగ రాలేదంటే బతికున్నట్టే గద. చేగుంట ఊరాయన ఒకడు జైల్ల చూసిన్నన్నడు. దుబాయికెల్లి ఎవలొచ్చినా ఫొటో పట్టుకపోయి అడుగుత. చెప్పుండ్రి, ఏ జైల్ల ఉన్నడు?"

చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నంబర్లు, ఒడిశా, దహనం, నా సంతకం. మధ్యలో ఆమె కూతురు కెజియా దవాఖాన నుంచి నర్సు బట్టల్లోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. తండ్రి పోయేనాటికి ఆ పిల్లకు రెండేళ్ళు.

మార్తమ్మ ఏడవలేదు. "అయితే కాలవెట్టిన్రా," అంది. వాళ్ళలో కాల్చరు. తర్వాత అడిగింది: "మరి గా పిలగాని తల్లికి చెప్పిన్రా? గాళ్ళ కొడుకు నాకాడున్నడని?"

"లేదమ్మా."

"ఏ ఊరు?"

నాకు తెలియదు. జిల్లా పేరు తప్ప ఏదీ గుర్తులేదు. ఆ ఫైలు ఉందో లేదో, ఉన్నా రిటైరైన నాకు ఎవరు చూపిస్తారో తెలియదు. అదే చెప్పాను.

"యేటా పండుగకు గా పిలగాని సమాధికి సున్నమేస్తున్న," అంది ఆమె. "నా మొగనికి కూడా గాడ ఎవలన్న గట్ల చేస్తున్నరేమో అనుకుంటుంటి ఒక్కోపారి. మల్ల వద్దు, బతికే ఉన్నడు అనుకుంటుంటి."

కెజియా అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పింఛను రాస్తమని ఆఫీసోళ్ళు ఇంటికొస్తే నా మొగడు సావలేదని ఎల్లగొట్టింది మా అమ్మ. తనకు మల్ల మంచి సంబంధం వస్తే గదే మాటన్నది. మీరు మొదటి ఉత్తరానికే చెప్పి ఉంటే అమ్మకు అప్పుడు ఇరవై ఆరేండ్లు, మేడం."

జరిగినదంతా రాసి సంతకం చేసి ఇస్తానన్నాను. ఎక్కడ కావాలన్నా వచ్చి చెప్తానన్నాను.

"మీ సంతకం కాయితాలు మాకాడ రెండున్నయి," అంది కెజియా.

మార్తమ్మ లేచి చాయ్ పెట్టబోయింది. కెజియా తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. నేను లేచాను. ఒంటిగంట దాటింది.

సందు చివరి దాకా మార్తమ్మ నా వెనకే వచ్చింది. చర్చి గోడ దగ్గర ఆగి, "ఒక్కటి అడుగుత," అంది. "నొప్పి వడ్డడా ఆయన?"

"లేదమ్మా. పడగానే ప్రాణం పోయింది. ఏమీ తెలియలేదు."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. "గదన్న మంచిగైంది," అని నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి తిరుగు బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది.

ప్రభుదాసు పొద్దున పదింటికి పడ్డాడు. చీకటి పడేదాకా బతికే ఉన్నాడు. నీళ్ళు అడిగాడనీ, తెలుగులో ఏదో అన్నాడనీ, అర్థమయ్యేవాళ్ళు పక్కన లేరనీ నంబర్ల సంగతి చెప్పిన రోజే కంపెనీ మనిషి నాకు చెప్పాడు. ఆ గోడ దగ్గర ఇదంతా నా నోటి దాకా వచ్చింది. కానీ అబద్ధం ముందు వచ్చేసింది, తడబడకుండా, మర్యాదగా, ముప్పై ఏళ్ళకు పైగా నేను జీతం తీసుకున్న గొంతుతో. దాన్ని జాలి అనుకోవడానికి బాలానగర్ దాకా ప్రయత్నించాను. కుదరలేదు.

నిజం చెప్పడానికి మెదక్ వెళ్ళాను. చెప్పిన నిజం ఆమెకు ఉన్న ఒక్క ఆశనూ తీసేసింది. ఆమె నాకు దండం పెట్టింది అబద్ధానికే.