బావ బొటనవేలు

బావ పోయాక ఏ సెలూన్లోనూ నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన గడ్డం గీస్తుంటే కుర్చీలోనే గురక పెట్టేవాళ్లం. ఫోన్లో పేకాట మరిగాక ఆయన చేతికి తొందర వచ్చింది. ఒకాయన చెవి తెగాక అక్క తేల్చి చెప్పింది: "ఆటన్నా మానండి, కత్తన్నా దించండి."

ఆన్‌లైన్ జూదంపై పరిశోధన చేసే ఒక మేడమ్, ఆడేవాళ్లు కావాలని కబురు పెట్టింది. బావ అదేదో పోటీ అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్నూ లాక్కెళ్లాడు.

"చూస్కో బామ్మర్దీ, ఇవాళ మీ బావ తడాఖా!"

ఆమె ఉత్తుత్తి డబ్బుతో ఆడించి, చేతిని మాత్రం వీడియో తీసి, దాన్ని నెమ్మదిగా నడిపించి చూపించింది. గెలిచినప్పుడు బొటనవేలు కాసేపు ఆగుతోంది. కొద్దిలో ఓడినప్పుడు మాత్రం, ఓడిన ముక్కలు తెరమీద ఉండగానే కొత్త ఆట కోసం పొడుస్తోంది.

"ఇది నా చెయ్యేనామ్మా?"

"మీదేనండీ. చాలామంది చేతులు ఇలాగే చేస్తున్నాయి. ఆటను తయారుచేసిందే అలా."

"నేనొక్కణ్నే దద్దమ్మననుకున్నా," అని బావ గట్టిగా ఊపిరి వదిలి, ఫోన్ ఆమె ముందుకు తోశాడు. "ఆ ఆటను మీరే తీసెయ్యండి. ఈ వేలిని నేను నమ్మను."

ఆ తర్వాత కొన్నాళ్లు ఖాళీ దొరికితే చాలు, ఆ వేలు దువ్వెన పళ్లను మీటేది. ఫోన్ జోలికి మాత్రం పోలేదు. ఒకరోజు నేనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"భయంగా లేదురా?"

"చెవులు ఇంట్లో దాచొచ్చాను, కానియ్ బావా."

కత్తి చెంపమీద తాపీగా జారింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి గుమ్మంలో నిలబడి అక్క నవ్వుతోంది.