ప్లగ్గు నా చేతిలో ఉండగా మోగిన గిటారు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. గుంతకల్లులో మాది కిరాణా కొట్టు. తూచి చూపించలేని సరుకు మా ఇంట్లోకి రాదు. దిష్టి తీసినా అమ్ముడుపోని నిమ్మకాయలతోనే తీసేవాళ్ళం.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏడాది జరిగింది.

నా స్నేహితుడు డేవిడ్ రైల్వే ఫిట్టరు కొడుకు. గిటారు బాగా వాయిస్తాడు. పెళ్ళిళ్ళకు వాయించే ఒక ఆర్కెస్ట్రా మాస్టరు వాడికి ఖరాఖండిగా చెప్పాడు: "డ్రమ్ముల్లో నీ గిటారు ఇనపడల్ల. యాంప్లిఫయరు నువ్వే తెచ్చుకో. కళ్యాణదుర్గం పెండ్లిలో చూస్తా. ఇనపడితే మావోడివి, ల్యాకుంటే ఇంటికి పోతావు."

కొనే స్తోమత వాడికి లేదు. నేను చేసిస్తానని గొప్పలకు పోయాను. నాకు రేడియో రిపేరు కొంచెం వచ్చు, బేరం బాగా వచ్చు. పాత సామాన్ల కొట్టు తలుపు తీయగానే వెళ్ళి నిలబడ్డాను. బోణీ బేరాన్ని ఎవరూ వెనక్కి పంపరు. రెండు పాత వాల్వు రేడియోలతో ఇంటికొచ్చాను.

వాటి గాజు వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ పీకి, నూనె డబ్బా రేకు మీద బిగించి, టీపొడి పెట్టెలో కూర్చోబెట్టాను. స్విచ్ వేస్తే వాల్వులు నారింజ రంగులో వెలిగాయి. గిటారు మోగింది. దానికంటే గట్టిగా గుయ్యిమని హోరు మోగింది.

తప్పు పెట్టెలో లేదు, నేలలో ఉంది. ఇంటి పక్కన నేలలో పాతిన ఎర్తు కడ్డీ చుట్టూ మట్టి ఎండి పెంకులా అయింది. తడి లేకపోతే ఎర్తు సరిగా అందదు. బిందెడు ఉప్పునీళ్ళు పోస్తే హోరు పోయింది, వీధి లేచింది.

"తాగను నీళ్ళు ల్యాక మేము సస్తాంటే, నువ్వు ఇనప కడ్డీకి తాపుతాండావా?" అంది పక్కింటి సుబ్బక్క. తల వంచుకున్నాను.

పెళ్ళి పట్టపగలు. పందిరి పక్కన కడ్డీ దిగ్గొట్టాం. ట్యాంకరు నీళ్ళకు పెళ్ళికూతురి అవ్వ కాపలా కూర్చుంది. కడ్డీకి బిందెడు నీళ్ళిస్తే రెండు పాటలు ఎక్కువ వాయిస్తామని బేరం పెట్టాను.

"ఏమప్పా, నీ పెట్టెక్కూడా దప్పికైతాదా?" అని నవ్వి, తనే బిందె ముంచి పోసింది.

డేవిడ్ అందుకున్నాడు. పాట సగంలో కరెంటు పోయింది. ఫ్యాన్లు, మైకు, కీబోర్డు అన్నీ ఆగిపోయాయి. గిటారు ఆగలేదు.

కరెంటు పోయినా పెట్టెలో మిగిలినదానితో రెండు మూడు క్షణాలు మోగుతుందని నాకు తెలుసు. పది లెక్కపెట్టాను. ముప్పై లెక్కపెట్టాను. ఆ పెళ్ళికి జనరేటరు లేదు. వెళ్ళి ప్లగ్గు పీకాను. మూడు పిన్నులూ నా అరచేతిలో ఉన్నాయి, వాల్వులు వెలుగుతూనే ఉన్నాయి. డ్రమ్ములు ఎంత ఊపందుకున్నా వాటి మీద నుంచి గిటారు స్పష్టంగా వినిపిస్తోంది. డేవిడ్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. వాడికేమీ తెలియదు.

పాట పూర్తిగా అయింది. ఆఖరి తీగ మోత సద్దుమణిగాక వాల్వులు ఆరిపోయాయి. పందిరంతా ఈలలు.

మాస్టరు వచ్చి డేవిడ్ భుజం చరిచాడు. "ఇనపడింది లేరా. వచ్చే వారం గుత్తిలో పెండ్లి, వచ్చేయ్."

"నా నీళ్ళు ఊరికే పోల్యా," అంది అవ్వ.

ఇంటికి తెచ్చి పెట్టె విప్పి చూశాను. బ్యాటరీ లాంటిదేదీ లేదు. మళ్ళీ మళ్ళీ ప్లగ్గు పీకి చూశాను. ప్రతిసారీ మూడు లెక్కపెట్టేలోపే మూగబోయింది. కరెంటు పని తెలిసిన రైల్వే ఆయనకు చెబితే, "ఆ పొద్దు ఏమన్నా తాగినావా?" అన్నాడు. మజ్జిగ తాగాను.

డేవిడ్ ఆ ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళు వాయించాడు. ఒకసారి వేరే ఊరి ఆర్కెస్ట్రా వాళ్ళు మా కొట్టుకొచ్చి, "కరెంటు పోయినా మోగేది మాక్కూడా ఒకటి కావల్లన్నా, ఎంతైనా ఇస్తాం" అన్నారు.

అడిగిన సరుకు లేకపోయినా రేపు తెప్పిస్తాననడం మా వంశంలో అలవాటు. ఆ రోజు మాత్రం, "అది ఎట్ల మోగిందో నాకే తెలీదప్పా" అన్నాను. ఇప్పటికీ తెలియదు.