ఇంటినిండా జనం

మేమిద్దరం విడిపోయాక పాప వాళ్ళమ్మతో గుడివాడలో ఉండిపోయింది. నేను బందరులోనే మిగిలాను. గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వస్తూ కర్రీ పాయింట్ దగ్గర ఆగి ఒక కూర కట్టించుకునేవాణ్ణి. అక్కడి ఆవిడది రోజూ ఒకటే ప్రశ్న: "ఇంట్లో ఎంతమందండీ, ఒక్కటి చాలా?" చాలకపోతే అడగనా తల్లీ అని విసుక్కోబోయి ఊరుకునేవాణ్ణి.

నేను అన్నం పెట్టుకునే వేళకి పాప ఫోన్ చేసేది. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఫోన్ మోగగానే ముందు టీవీ సౌండు పెంచేవాణ్ణి. ఇల్లు బోసిగా వినిపిస్తే పిల్ల బెంగపెట్టుకుంటుందని నా భయం. పక్కన వాళ్ళమ్మ వింటుందన్న పౌరుషం కూడా ఉందనుకోండి.

"ఎవరొచ్చారు నాన్నా?"

"మా ఫ్యాక్టరీ వాళ్ళేనమ్మా. రోజూ ఎవరో ఒకళ్ళు వస్తూనే ఉంటారు."

"నేను లేనని దిగులుగా లేదా?"

"నాకేం, రాజాలా ఉన్నాను."

ఫోన్ పెట్టేసి టీవీ కట్టేస్తే ఇల్లు మీద పడినట్టుండేది. అన్నం కలిపి కూడా తినబుద్ధి కాక వదిలేసేవాణ్ణి. ఒక్కణ్ణే ఉండటం నా వల్ల కాలేదు. పాపని నాకే అప్పగించమని గుడివాడ కోర్టుకి వెళ్ళాను.

జడ్జిగారు పాపతో విడిగా మాట్లాడతానన్నారు. మా లాయరుగారు హుషారు మనిషి. "ఆదివారం పాప మీ దగ్గరికి వస్తుంది కదండీ, ఏం చెప్పాలో కాస్త నూరిపోయండి" అన్నారు.

ఆ ఆదివారం పాపని మంగినపూడి బీచికి తీసుకెళ్ళాను. మొక్కజొన్న పొత్తు తింటూ, అలలకి ఎదురెళ్ళి, కేకలు పెడుతూ వచ్చి నా చెయ్యి పట్టుకునేది. నా దగ్గర ఉండిపోవా అన్న మాట ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చిందో. అమ్మో నాన్నో తేల్చుకోమని ఆ వయసు పిల్లని అడగడానికి సిగ్గేసింది. అయినా నా పేరే చెబుతుందని లోపల గట్టి నమ్మకం. చిన్నప్పటి నుంచీ అది నా పార్టీ. దానికోసం కిటికీ పక్కన చిన్న మంచం కూడా వేయించి ఉంచాను.

కోర్టు రోజున జడ్జిగారి గదిలోంచి బయటికొచ్చి పాప నేరుగా నా దగ్గరికే వచ్చింది. వరండా ఆ చివర వాళ్ళమ్మ తల వంచుకుని కూర్చుంది.

"అమ్మ దగ్గరే ఉంటానన్నాను నాన్నా. కోపమా?" అని నా చెవిలో అడిగింది.

"కోపమెందుకమ్మా?"

"నాకు నీ దగ్గర ఉండాలనే ఉంది. కానీ అమ్మకి ఎవరూ లేరుగా. రాత్రుళ్ళు ఏడుస్తుంది. నీకైతే ఇంటినిండా జనం. జడ్జిగారికి కూడా అదే చెప్పాను."

ఎవరూ లేరే తల్లీ, అదంతా టీవీ అని అరవాలనిపించింది. ఆ ఒక్క మాట చాలు, పాప మళ్ళీ లోపలికి పరుగెత్తేది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అమ్మని వదిలేశానని కుమిలిపోయేది.

"మంచిపని చేశావమ్మా" అన్నాను. "ఇవాళ కూడా వస్తామన్నారు వాళ్ళు. నేను పెందలాడే వెళ్ళాలి."

పాపని వాళ్ళమ్మకి అప్పగించి బస్టాండుకి నడిచాను. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.