మాస్టారి 'ఊఁ'

డ్రమ్ము మాస్టారి గది టైర్ల కొట్టు మీద ఉంది. గోడలకు పాత పరుపులు బిగించినా మోత మెట్ల మీదుగా కిందికి దిగుతూనే ఉంటుంది. కొట్టాయన ఏనాడో చెవుల్లో దూది పెట్టుకుని రాజీపడిపోయాడు.

మాస్టారు అందరికీ ఒకే పాఠం చెప్పే రకం కాదు. కొత్తవాళ్లకు అసలు డ్రమ్మే ఇవ్వడు. ఒళ్లో దిండు పెట్టి, చేతికి పుల్లలిచ్చి, 'ఊఁ' అంటాడు. ఆ ఊఁకి దెబ్బ పడాలి. ప్రతి దెబ్బకీ ఒక ఊఁ. వైద్యం మానేశాక సరదాపడి చేరిన పళ్ల డాక్టరుగారు మొదటిరోజే, "దిండు మా ఇంట్లోనూ ఉందండీ, దానికోసం ఇన్ని మెట్లెక్కాలా?" అన్నాడు.

"మీ ఇంట్లో దిండు మిమ్మల్ని నిద్రపుచ్చుతుంది. ఇక్కడ నిద్రపోతే నేనూరుకోను" అన్నాడు మాస్టారు.

కాస్త చెయ్యి తిరిగినవాళ్లతోనే అసలు తలనొప్పి. వాళ్లకు కొమ్ములొస్తాయి. చెవులు చిల్లులు పడేలా అన్నీ ఒకేసారి మోగించి, ఎలా ఉంది అన్నట్టు చూస్తారు. మాస్టారు ఝల్లుమని మోగే ఇత్తడి పళ్లేలనీ, ఒక్కటి తప్ప మిగతా డ్రమ్ములనీ ఊడదీసి మూలన పెట్టేస్తాడు. మిగిలిన ఒక్క డ్రమ్మునీ నత్తనడకన వాయించమంటాడు. అప్పుడు తెలుస్తుంది ఎవరి సరుకెంతో. వీళ్లకు ఊఁ ప్రతి వరస మొదట్లోనే.

అందరికన్నా పైన ఉన్నది మాస్టారి మేనకోడలు. ఆమెకు చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మొదట్లో ఒక్క ఊఁ అనేసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటాడు. పొడుగు ఊఁ అయితే నిదానం, పొట్టి ఊఁ అయితే జోరు. అంతే పాఠం. ఆమె వాయింపు వింటుంటే ఆయనకు జన్మ ధన్యమైనట్టుండేది. పైకి మాత్రం "పర్లేదు" అనేవాడు.

ఆ పిల్ల ఊరూరా ప్రదర్శనలిచ్చే ఒక వాద్య బృందంలో చోటు కోసం వెళ్లింది. చిన్నప్పటినుంచీ ఆమె కోరుకున్నది అదొక్కటే. బృందం పెద్ద "కానివ్వమ్మా" అన్నాడు. ఆమె పుల్లలెత్తి కూచుంది. అలా కూచునే ఉంది. చివరికి ఆయన జాలిపడి, వచ్చే నెల ఇంకొక్కసారి రమ్మన్నాడు.

"ఏమైందే? భయపడ్డావా?" అన్నాడు మాస్టారు, ఆమె తిరిగొచ్చాక.

"భయం కాదు మామయ్యా. ఎవరూ ఊఁ అనలేదు" అంది మేనకోడలు తల దించుకుని.

తప్పెక్కడుందో మాస్టారికి తెలిసొచ్చింది. దిండు దగ్గర మొదలైన ఊఁని తగ్గిస్తూ వచ్చాడు గానీ, ఆ చివరిదాన్ని కూడా తీసెయ్యాలని ఎన్నడూ తోచలేదు. నిజం చెప్పాలంటే, అదొక్కటీ తన వాటా అనుకున్నాడు.

మర్నాటినుంచి నోరు మెదపడం మానేశాడు. ఆమె పుల్లలు పట్టుకుని కూచునేది, ఆయన గోడకేసి చూసేవాడు. కింద టైర్లకు గాలి పట్టే చప్పుడొక్కటే వినిపించేది. పాఠం వేళ అయిపోయేది, ఆమె లేచి వెళ్లిపోయేది. రోజులు ఇలాగే గడిచిపోతున్నాయి.

"నామీద కోపమా మామయ్యా?" అని ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

కాదన్నట్టు తల ఆడించాడు.

"మరి మాట్లాడవేం? వాళ్లు రమ్మన్న రోజు దగ్గరికొచ్చేసింది. నా గతేం కావాలి?"

ఆయన నోరు విప్పబోయాడు. విప్పితే అలవాటు కొద్దీ ఏం ఊడిపడుతుందోనని చటుక్కున రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడనుకుంది ఆమె. అరికాలి మంట నెత్తికెక్కింది. పుల్ల ఎత్తి ఒక్కటి వేసింది. దాని వెంటే రెండోది. ఇక ఆగలేదు.

మాస్టారి కాలు అలవాటుగా తాళం వెయ్యబోయింది. కుదరలేదు. మళ్లీ కదిపాడు, మళ్లీ తప్పింది. అది ఆయన పొడుగు ఊఁ కాదు, పొట్టి ఊఁ కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆయన ఏనాడూ వదలనంత చోటు వదిలి వాయిస్తోంది, అయినా ఎక్కడా జారడం లేదు. ఇన్నేళ్లూ తన నడకనే ఆ పిల్ల చేతులకు తగిలించానని ఆయనకు అప్పుడు తెలిసింది. గర్వంగానే ఉంది. అంతకు మించి సిగ్గేసింది.

ఆమె ఆపి, చెమట తుడుచుకుంది. "రేపు ఎన్నింటికి రమ్మంటావ్?" అంది, ఇంకా కోపంగానే.

"రావద్దమ్మా" అన్నాడు మాస్టారు. "నీ తాళం నాకు అందడం లేదు."